మాజూర్ల పేరు మీద ఇచ్చే డబ్బు: వికలాంగులే నడిపే సంఘాలకు ఎంత చేరుతోంది?

రమజాన్ వచ్చిందంటే మన మొహల్లాల్లో, మస్జిద్ కమిటీల్లో మాజూర్ల పేరు మీద వసూలయ్యే డబ్బు తక్కువేమీ కాదు. మూడు చక్రాల బండి, వీల్ చెయిర్, కుట్టు మిషను, రేషన్ కిట్టు. డిసెంబర్ 3న ప్రపంచ వికలాంగుల దినోత్సవం నాడు కూడా దాదాపు ఇవే కానుకలు, ఇవే ఫొటోలు. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే, తీసుకునేవాళ్ల అవసరమూ నిజమే. కానీ ఈ సాయంలో దాదాపు ఎప్పుడూ కనిపించని పద్దు ఒకటుంది. వికలాంగులు తామే పెట్టుకుని, తామే నడుపుకునే సంఘాలకు ఇచ్చే డబ్బు అది. గది అద్దె, ఫోను బిల్లు, కార్యకర్తకు నెల జీతం, కలెక్టరేట్‌కు పోయి రావడానికి చార్జీలు. వీటికి ఫొటోలు ఉండవు.

మన ఇళ్లలో, బంధువుల్లో వికలాంగులు ఉన్నవాళ్లు ఎందరో. 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది వికలాంగులు ఉన్నారు. ఇవాళ వాళ్ల చేతిలో ఉన్న సర్టిఫికెట్, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, ఎయిర్‌పోర్టులో వీల్ చెయిర్, ఇవేవీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. వాటి వెనక సంఘాలు ఉన్నాయి. ఆ సంఘాలు ఏమిటి, వాటికి డబ్బు ఎందుకు అందదు, ఇవ్వదలచినవాళ్లు ఏం చూసుకోవాలి అనేది ఈ వ్యాసం.

‘కోసం’ నడిచేవి, ‘చేత’ నడిచేవి

అంధుల పాఠశాల, బధిరుల హాస్టల్, కృత్రిమ కాళ్ల శిబిరం లాంటివి వికలాంగుల కోసం నడిచే సంస్థలు. వీటిని డాక్టర్లో, ట్రస్టులో, దాతలో పెడతారు. వీటి మేలు తక్కువ చేసి మాట్లాడేది లేదు. రెండో రకం వేరు. అందులో సభ్యులు, కార్యవర్గం, చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లు వికలాంగులే. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ 2018లో ఈ తేడాను స్పష్టంగా రాసింది. సంస్థకు నాయకత్వం, నిర్దేశం, పాలన వికలాంగులవే అయి ఉండాలి, సభ్యుల్లో స్పష్టమైన మెజారిటీ వాళ్లదే కావాలి అన్నది దాని సారం. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో తల్లిదండ్రుల సంఘాలకు కూడా చోటు ఇచ్చింది. మన దేశంలో అలాంటి తల్లిదండ్రుల సంఘాల సమాఖ్య ‘పరివార్’ 1995 నుంచి ఉంది.

పేరు దగ్గర కూడా ఒక మాట. 2015 చివర్లో ప్రధాని ‘దివ్యాంగ్’ అన్న పదం తెచ్చాక ఆఫీసు కాగితాల్లో అదే నడుస్తోంది. దేశంలోని చాలా వికలాంగుల సంఘాలు ఆ మాట వద్దన్నాయి. మాకు దివ్యమైనదేమీ లేదు, కావలసింది ర్యాంపు అన్నది వాళ్ల వాదన. మన ఇళ్లలో ‘మాజూర్’ అంటాం, తెలుగులో ‘వికలాంగులు’ అంటున్నాం. ఇక్కడ ఆ మాటలే వాడుతున్నాం.

విన్నిపెగ్‌లో ఓడిపోయిన తీర్మానం

1980లో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో రిహాబిలిటేషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ప్రపంచ మహాసభ జరిగింది. వికలాంగుల పునరావాసం గురించి మాట్లాడే డాక్టర్లు, థెరపిస్టులు, అధికారుల సభ అది. ప్రతి దేశం పంపే ప్రతినిధుల్లో సగం మంది వికలాంగులే ఉండాలని స్వీడన్ బృందం తీర్మానం పెట్టింది. సభ దాన్ని ఓడించింది. వికలాంగుల గురించి వికలాంగులు సగం మంది మాట్లాడితే చాలన్నా ఒప్పుకోలేదన్నమాట! ఆ సభకు వచ్చిన వికలాంగులు విడిగా కూర్చుని, మనకు మన సంస్థ కావాలని నిర్ణయించుకున్నారు. మరుసటి ఏడాది, 1981లో, సింగపూర్‌లో ‘డిసేబుల్డ్ పీపుల్స్ ఇంటర్నేషనల్’ పుట్టింది. మమ్మల్ని వదిలేసి మా గురించి ఏ నిర్ణయమూ వద్దు అన్న నినాదం ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచమంతా పాకింది. 2006 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో అది చట్టం భాషలోకి ఎక్కింది. చట్టాలు, విధానాలు చేసేటప్పుడు వికలాంగులను వాళ్ల సంఘాల ద్వారా సంప్రదించాలని 4వ అధికరణం చెబుతుంది. భారత్ ఈ ఒడంబడికను 2007 అక్టోబర్ 1న అంగీకరించింది.

సింగపూర్‌లో పుట్టిన ఆ సంస్థకు తర్వాత కాలంలో అధ్యక్షత వహించినవాళ్లలో ఒకరు మన దేశం వాడు, జావేద్ ఆబిదీ.

అలీగఢ్ కుర్రవాడు

జావేద్ ఆబిదీ 1965లో అలీగఢ్‌లో పుట్టారు. పుట్టుకతోనే వెన్నెముకలో లోపం. పదిహేనేళ్లప్పటి నుంచి వీల్ చెయిరే. అమెరికాలోని ఒహాయోలో జర్నలిజం చదివి తిరిగి వచ్చారు. చేతిలో డిగ్రీ ఉంది, కానీ ఢిల్లీలో ఏ ఆఫీసుకు వెళ్లాలన్నా ముందు మెట్లు ఎదురయ్యేవి. తర్వాత రాజీవ్ గాంధీ ఫౌండేషన్‌లో వికలాంగుల విభాగం చూసుకున్నారు. ఢిల్లీలో ‘డిసేబుల్డ్ రైట్స్ గ్రూప్’ను నిలబెట్టారు. వికలాంగుల ఉపాధి కోసం 1996లో మొదలైన జాతీయ కేంద్రానికి చాలా ఏళ్లు డైరెక్టర్‌గా ఉన్నారు.

1995 చివర్లో వికలాంగుల బిల్లు పార్లమెంటులో మూలుగుతూ ఉంది. డిసెంబర్ 19న ఆబిదీ, ఆయన సహచరులు వీల్ చెయిర్లతో, చంకకర్రలతో, తెల్ల కర్రలతో ఢిల్లీ వీధిలోకి వచ్చారు. మూడు రోజులకు, డిసెంబర్ 22న, బిల్లు గట్టెక్కింది. దేశంలో వికలాంగుల హక్కులకు మొదటి సమగ్ర చట్టం అదే. విమానంలోకి వికలాంగులను చేతులతో మోసుకెళ్లే పద్ధతి మీద ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1998 డిసెంబర్ తీర్పు తర్వాత విమానాల్లో ఇరుకైన నడవలో పట్టే కుర్చీలు, ఎయిర్‌పోర్టుల్లో ఎత్తే యంత్రాలు రావడం మొదలైంది. హజ్‌కు, ఉమ్రాకు పెద్దవాళ్లను వీల్ చెయిర్‌లో తీసుకెళ్లిన కుటుంబాలకు ఆ సదుపాయం తెలుసు. అది అడిగి సాధించుకున్నవాళ్ల పేరు మాత్రం చాలామందికి తెలియదు.

1991 జనగణనలో వికలాంగుల గురించి ప్రశ్నే లేదు. లెక్కలో లేనివాళ్లకు బడ్జెట్‌లో పద్దు ఎక్కడిది? 2001 జనగణనలో ఆ ప్రశ్న చేర్చాలని సంఘాలు పట్టుబట్టాయి. చేరింది. అప్పుడు తేలిన సంఖ్య 2.19 కోట్లు. 2016 చట్టం కూడా ఇలాంటి ఏళ్ల తరబడి ఒత్తిడి తర్వాతే వచ్చింది. వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 నుంచి 4 శాతమైంది. ఆ చట్టం కింద కేంద్ర సలహా మండలిలో స్వచ్ఛంద సంస్థల, వికలాంగుల సంఘాల ప్రతినిధులుగా పదిమందిని వేయాలి. వాళ్లు ‘సాధ్యమైనంత వరకు’ వికలాంగులై ఉండాలట. ఆ ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాట చూస్తే విన్నిపెగ్ గుర్తుకొస్తుంది.

ఆబిదీ 2018 మార్చిలో చనిపోయారు.

రాబియా, టాక్, ఇంకొందరు

కేరళలోని మలప్పురం జిల్లాలో వెళ్లిలక్కాడు అనే పల్లె. అక్కడ కె.వి. రాబియా పోలియోతో వీల్ చెయిర్‌కు పరిమితమైన ముస్లిం యువతి. 1990లో తన ఇంటి దగ్గరే వయోజనులకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. అన్ని వయసుల వాళ్లు వచ్చి పలక పట్టారు. తర్వాత ‘చలనం’ అనే సంస్థ పెట్టి వికలాంగ పిల్లల బడి, మహిళలకు పని నేర్పడం వంటివి నడిపింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2025 మేలో ఆమె కన్నుమూశారు.

కశ్మీర్‌లో జావేద్ అహ్మద్ టాక్‌ది ఇంకో కథ. 1997లో తుపాకీ గుండు వెన్నులో దిగి నడక పోయింది. ఆయన అనంతనాగ్ జిల్లా బిజ్‌బెహారాలో సంస్థ పెట్టి, ‘జైబా ఆపా’ పేరుతో వికలాంగ పిల్లలకు బడి నడుపుతున్నారు. కశ్మీర్ వికలాంగుల హక్కుల కోసం కోర్టుల మెట్లు కూడా ఎక్కారు. ఆయనకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది అదే గౌరవం అందుకున్న ఎస్. రామకృష్ణన్ తమిళనాడులోని ఆయిక్కుడిలో 1981లో అమర్ సేవా సంగం స్థాపించారు. నౌకాదళం ఎంపిక పరీక్షల్లో పడి మెడ కింది భాగమంతా చచ్చుబడిన మనిషి ఆయన. బెంగళూరులో చూపు లేని మహంతేష్ తన మిత్రుడితో కలిసి 1997లో ‘సమర్థనం’ ట్రస్టు పెట్టారు. దేశంలో అంధుల క్రికెట్‌ను నడిపిస్తున్నవాళ్లలో ఆయనది ముఖ్యమైన చేయి.

మీ ఇంట్లోకే వచ్చి ఉండగల ఉదాహరణ ఇంకొకటి. చూపు లేని విద్యార్థులు కంప్యూటర్ వాడాలంటే తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కావాలి. అమ్మకానికి ఉన్నవి మన కుటుంబాలకు అందని ధర. 2006లో మైకేల్ కర్రన్ అనే అంధ ఆస్ట్రేలియా కుర్రవాడు ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టాడు. చూపు లేని మిత్రుడు జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ కలిసి లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. ఎన్‌వీడీఏ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, తెలుగు కూడా చదువుతుంది. ఆ సంస్థ విరాళాలు, గ్రాంట్ల మీదే బతుకుతోంది. మన అంధ పిల్లలకు ఇదెంత ఉపయోగమో చెప్పాలంటే, ఎన్ని బ్రెయిలీ పుస్తకాలు పంచినా ఉద్యోగ పరీక్షకు తయారయ్యే పిల్లవాడికి అంత అందదు అనే నా లెక్క.

మన రెండు రాష్ట్రాల్లో

ఉమ్మడి రాష్ట్రంలో 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో ‘వెలుగు’ మొదలైంది. తర్వాత అదే ఇందిరా క్రాంతి పథం అయింది. మహిళా పొదుపు సంఘాల సంగతి అందరికీ తెలుసు. అదే పథకం కింద వికలాంగులకు విడిగా సంఘాలు, వాటి మీద మండల సమాఖ్యలు కూడా ఏర్పడ్డాయి. నలుగురు కూర్చునే గది, పుస్తకంలో రాసుకునే తీర్మానం, ఎంపీడీఓ ఆఫీసుకు వెళ్లి గట్టిగా అడిగే అలవాటు చాలామంది వికలాంగులకు మొదటిసారి అక్కడే దొరికాయి. అయితే ప్రాజెక్టు డబ్బు మీద పుట్టే సంఘాలన్నిటికీ ఒక చిక్కు ఉంటుంది. ప్రాజెక్టు తీరు మారిన రోజు గది అద్దె ఎవరు కడతారు అన్న ప్రశ్న వస్తుంది.

సంఘం అవసరం ఎప్పుడు తెలుస్తుందంటే సదరం క్యాంపు దగ్గర. స్లాట్ దొరకడం, ఆసుపత్రికి పోవడం, శాతం తక్కువ వేస్తే అప్పీలు పెట్టడం. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛన్లను తిరిగి పరిశీలించి చాలామందికి నోటీసులు ఇచ్చినప్పుడు ఊళ్లలో గాభరా చెలరేగింది. ఒంటరిగా ఉన్న మనిషి నోటీసు పట్టుకుని ఎవరిని అడగాలో తెలియక కూర్చుంటాడు. సంఘం ఉన్నచోట అందరి కాగితాలూ ఒకచోట చేర్చి, అప్పీలు రాసి, ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి పోతారు. నెలకు 6,000 రూపాయల పింఛను మీద ఇల్లు నడిచే కుటుంబానికి ఆ ఆటో కిరాయి ఎంత పెద్ద సాయమో వేరే చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌కు ఇంకో పాత్ర కూడా ఉంది. భవనాలు, రవాణా వికలాంగులకు అనువుగా ఉండాలని రాజీవ్ రతూరి అనే అంధుడు వేసిన కేసులో దేశంలో పరిస్థితి ఎలా ఉందో చూసి నివేదిక ఇవ్వమని సుప్రీంకోర్టు ఇక్కడి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని అడిగింది. ఆ నివేదిక తర్వాత 2024 నవంబర్‌లో తీర్పు వచ్చింది. వికలాంగుల సదుపాయాలపై ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి నియమాలు కావాలి అని కోర్టు చెప్పింది.

డబ్బు ఎక్కడ ఆగిపోతోంది

కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లు ఎక్కువగా సేవలకు వెళ్తాయి. ప్రత్యేక పాఠశాల, థెరపీ కేంద్రం నడిపేవాళ్లకు దీన్‌దయాళ్ పథకం ఉంది. హక్కుల కోసం తిరిగే సంఘానికి అందులో చోటు వెతుక్కోవాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. వికలాంగుల జీవనోపాధి ఆ జాబితాలో ఉంది. కానీ బయటి సంస్థకు ఇవ్వాలంటే దానికి కనీసం మూడేళ్ల అనుభవం, 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, కేంద్రం దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. మండల కేంద్రంలో ఒక అంధుడు, ఇద్దరు పోలియో బాధితులు కలిసి నడిపే సంఘం ఇవన్నీ చేయించుకోవాలంటే ముందు ఒక ఆడిటర్‌కు ఫీజు కట్టాలి.

విదేశీ డబ్బు ఇంకా కష్టం. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. 2020 సవరణతో, విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు పంచడం నిషేధమైంది. అంతకుముందు పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంఘాలకు కొంత ఇచ్చేది. ఆ దారి మూసుకుపోయింది. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది.

ఈ ‘పాలనా ఖర్చు’ అన్న మాట దగ్గరే వికలాంగుల సంఘాలు ఎక్కువ దెబ్బతింటున్నాయి. చూపు లేని అధ్యక్షుడు హైదరాబాద్ మీటింగుకు రావాలంటే తోడు ఒకరు రావాలి, రెండు టికెట్లు, రెండు భోజనాలు. కార్యవర్గంలో ఒక్క బధిర సభ్యుడు ఉన్నా సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌కు ఫీజు ఇవ్వాలి. ఆఫీసు మూడో అంతస్తులో చవగ్గా దొరికినా కింది గదే తీసుకోవాలి. ఇవన్నీ లెక్కల్లో అద్దె, ప్రయాణం, జీతాలుగానే కనిపిస్తాయి. దాత పుస్తకం తిరగేసి ‘మీకు పైఖర్చులు ఎక్కువ’ అంటాడు. మామూలు సంస్థకు అది పైఖర్చు కావచ్చు. ఇక్కడ ఆ ఖర్చు లేకపోతే అధ్యక్షుడు అధ్యక్షుడిగా పని చేయలేడు, బధిర సభ్యుడు మీటింగులో మూగగా కూర్చుంటాడు.

కొన్ని దేశాల్లో ఈ సంగతి గుర్తించారు. ఫిన్లాండ్‌లో వికలాంగులే 1998లో పెట్టుకున్న అబిలిస్ ఫౌండేషన్ పేద దేశాల వికలాంగుల సంఘాలకు చిన్న గ్రాంట్లు ఇస్తుంది. 2008లో అమెరికాలో మొదలైన డిసెబిలిటీ రైట్స్ ఫండ్‌లో డబ్బు ఎటు పోవాలో తేల్చే చోట వికలాంగ కార్యకర్తలే కూర్చుంటారు.

ఇవ్వాలనుకునే కుటుంబాలకు

ముందు సంఘాన్ని చూడండి. బోర్డు మీద ‘వికలాంగుల’ అని ఉన్నంత మాత్రాన వాళ్లదే అనుకోవద్దు. కార్యవర్గంలో ఎంతమంది వికలాంగులు? బ్యాంకు ఖాతా ఎవరి సంతకంతో నడుస్తుంది? ఆడవాళ్లు ఉన్నారా? నిజం చెప్పాలంటే మన దగ్గర చాలా సంఘాల్లో మైకు పట్టుకునేది కాలు బాగాలేని మగవాళ్లే. అంధులు, బధిరులు, బురఖాలో వచ్చే మాజూర్ అమ్మాయిలు వెనక వరసలో ఉంటారు. ఇది కూడా సూటిగా అడగాల్సిన ప్రశ్నే. మన రెండు రాష్ట్రాల్లో సొసైటీల చట్టం 2001 కింద ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేయించుకోవచ్చు. సర్టిఫికెట్ అడిగితే చూపిస్తారు. హాస్టల్, సంరక్షణ కేంద్రం నడిపే సంస్థ అయితే 2016 చట్టం కింద విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, అది తప్పక చూడండి.

గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములు ఎప్పుడూ అడిగే సందేహం ఒకటి. దుబాయ్, జిద్దాలో పని చేస్తున్నా పాస్‌పోర్టు భారత్‌దే అయితే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కాదు. ఎఫ్‌సీఆర్‌ఏ లేని సంఘానికీ పంపవచ్చు. అమెరికా, కెనడా పౌరసత్వం తీసుకున్నవాళ్లకు మాత్రం ఓసీఐ కార్డు ఉన్నా అది విదేశీ విరాళమే. పంపేటప్పుడు పాస్‌పోర్టు కాపీ జతచేస్తే సంఘానికి రేపు లెక్క చెప్పుకోవడం తేలిక. ఇక్కడున్నవాళ్లు పన్ను మినహాయింపు కావాలనుకుంటే 2,000 రూపాయలు దాటిన మొత్తం నగదుగా ఇవ్వొద్దు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఆ మినహాయింపు ఎలాగూ లేదు.

జకాత్ సంగతి. వైకల్యం ఒక్కటే జకాత్‌కు అర్హత కాదు, పేదరికం చూడాలి. నిసాబ్ దాటిన ఆస్తి ఉన్న మాజూర్‌కు ఇవ్వలేం. మన దగ్గర ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్‌లో జకాత్ సొమ్మును అర్హుడైన మనిషికి సొంతం చేయాలి. కాబట్టి సంఘం గది అద్దె, కార్యకర్త జీతం దాని నుంచి ఇవ్వడం కుదరదు. సంఘంలోని పేద సభ్యుడికి బండి, వైద్యం, ఫీజు జకాత్ నుంచి చేరవచ్చు. సంఘం నడవడానికి నఫిల్ సదకా, లిల్లాహ్ విరాళం ఇవ్వవచ్చు. రెండూ కలిపి ఒకే రసీదు మీద ఇవ్వకండి, ఏది దేనికో రాయించండి. మీ సందర్భం వేరైతే మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి.

డబ్బే కానవసరం లేదు. మీ బంధువుల్లో సీఏ ఉంటే సంఘం ఆడిట్ ఏటా ఉచితంగా చేయించండి. కింది అంతస్తులో ఖాళీ గది ఉంటే వాళ్ల మీటింగులకు ఇవ్వండి. షాదీఖానా కట్టేటప్పుడు, మస్జిద్ వుజూఖానా మార్చేటప్పుడు స్థానిక వికలాంగుల సంఘాన్ని పిలిచి మెట్లు, కుళాయిల ఎత్తు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు వాళ్లతో చూపించండి. ఇంజనీరుకు ఇచ్చినట్టే వాళ్లకూ ఫీజు ఇవ్వండి. వాళ్లు చూసి చెప్పేది వాళ్ల నైపుణ్యం, దానికి ధర ఉంది.

ఇక ఇచ్చే పద్ధతి. డిసెంబర్ 3కు ఒకసారి 50,000 ఇచ్చి మరిచిపోయేకన్నా, ఇరవై కుటుంబాలు నెలకు 1,000 చొప్పున వేసుకుంటే నెల నెలా 20,000 అవుతుంది. ఒక చిన్న సంఘానికి గది, ఫోను, ఒక కార్యకర్త గౌరవ వేతనం అందులో సర్దుకోవచ్చు. కనీసం రెండేళ్లకు మాట ఇవ్వండి. ఎందుకంటే సదరం అప్పీళ్లు, కోర్టు కేసులు ఏడాదిలో తేలవు. ఏ పద్దు కింద ఖర్చు పెట్టాలన్నది వాళ్ల కార్యవర్గానికి వదిలేసి, ఆరు నెలలకు ఒకసారి లెక్క చదివి వినిపించమనండి. చదివే సమావేశానికి మీరూ వెళ్లండి, కింది అంతస్తులోనే ఉంటుంది.